ఒకే వైరుతో ఇంటిల్లిపాది ఫోన్లకు చార్జింగ్: మూడు పిన్నుల కేబులు వాడే తీరు

తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జిలో దిగిన కుటుంబానికి ముందుగా కరువొచ్చేది ప్లగ్గుకే. టీవీకి ఒకటి పోతే మంచం పక్కన మిగిలేది ఒకటే. సంచి విప్పితే రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు, ఒక పాత ఐఫోను, అవ్వ బటన్ ఫోను, బ్లూటూత్ బడ్స్, తాత బీపీ మిషను. కొండమీద గది దొరికిందన్న మెసేజ్ రావాలన్నా, దర్శనం అయ్యాక తప్పిపోయిన వాళ్లను పిలవాలన్నా ఫోన్లో చార్జింగ్ ఉండాలి. ఒక చివర యూఎస్‌బీ, రెండో చివర మూడు రకాల పిన్నులు ఉండే కేబులు అక్కరకొచ్చేది ఇలాంటప్పుడే.

సరిగా వాడితే అరడజను చార్జర్లు మోసే బాధ తప్పుతుంది. తప్పుగా వాడితే రాత్రంతా పెట్టినా ఫోను 60 శాతం దాటదు, లేదంటే బడ్స్ కాలిపోతాయి. ఈ రెండు తిప్పలకూ మూలం ఒక్కటే. పిన్నులు మూడున్నా లోపల కరెంటు మోసే తీగలు ఒక్క జతే. ఈ సంగతి మనసులో ఉంచుకుంటే కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

ముందు మీ ఇంట్లో పిన్నులు లెక్కపెట్టండి

అటూ ఇటూ ఎలా తిప్పి పెట్టినా దూరే కోడిగుడ్డు ఆకారపు పిన్ను టైప్-సి. ఇప్పుడొచ్చే ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికీ దాదాపు ఇదే. 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి ఐఫోన్లకూ ఇదే. ఐఫోన్ 5 నుంచి 14 వరకు ఉన్నది లైట్నింగ్ పిన్ను. సన్నటి నాలుకలా ఉండి, ఒక్కో పక్క 8 బంగారు గీతలు పైకే కనిపిస్తాయి. పైన వెడల్పు, కింద సన్నంగా ఉండి ఒకే వైపు దూరేది మైక్రో యూఎస్‌బీ. బటన్ ఫోన్లు, పాత బ్లూటూత్ స్పీకర్లు, కొన్ని బీపీ మిషన్లు, చార్జింగ్ టార్చీలు ఇంకా దీనిమీదే నడుస్తున్నాయి. ఇంకా పాత నోకియా సన్నపిన్ను ఫోను ఇంట్లో ఉంటే దానికి ఈ కేబులు పనికిరాదు, దాని చార్జరు దానికే ఉంచండి.

చాలామంది కొన్నాక తెలుసుకునే సంగతి ఒకటుంది. అంగళ్లలో దొరికే మూడు పిన్నుల కేబులులో మామూలుగా టైప్-సి ఒకటే ఉంటుంది. ఇంట్లో రెండు ఫోన్లూ టైప్-సి అయితే రెండూ ఒకేసారి ఎక్కవు. అందుకే కొనేముందే లెక్క చూసుకుని, రెండు సి పిన్నులున్నది అడగండి. లేదంటే మైక్రో పిన్నుకు తగిలించే చిన్న సి కన్వర్టరు కొనండి. బొటనవేలి గోరంత ఉండే ఆ ముక్కలో 56 కిలో ఓముల రెసిస్టరు ఒకటి ఉండాలి. "ఇది మామూలు చార్జరు, ఎక్కువ లాగొద్దు" అని ఫోనుకు చెప్పేది అదే. నాసిరకం వాటిలో దాని బదులు 10 కిలో ఓములది వేస్తారు. అప్పుడు ఫోను ఇక్కడ 3 ఆంపియర్లు దొరుకుతాయనుకుని లాగుతుంది, 1 ఆంపియరు చార్జరు కాగిపోతుంది. రెసిస్టరు కంటికి కనపడదు కాబట్టి ఈ ఒక్క వస్తువు దగ్గర పది రూపాయల మిగులు చూసుకోవద్దు.

కొనేటప్పుడు వైరుమీద అచ్చు చదవండి

తిరుపతి గాంధీ రోడ్డులో కొన్నా, చిత్తూరు బజారులో కొన్నా, డబ్బామీద రాసింది పక్కనపెట్టి వైరు పైతొడుగుమీద సన్నగా అచ్చేసింది చూడండి. అచ్చుండే వైర్లమీద "28 ఏడబ్ల్యూజీ/1పి, 24 ఏడబ్ల్యూజీ/2సి" అన్నట్టు ఉంటుంది. మొదటిది డేటా తీగల జత, రెండోది కరెంటు మోసే రెండు తీగలు. మనకు కావాల్సింది రెండోదే. ఏడబ్ల్యూజీ అంటే తీగ లావు చెప్పే గేజి. ఆ అంకె ఎంత తక్కువైతే రాగి అంత లావు.

లెక్క ఇదీ. 28 గేజి రాగి తీగకు మీటరుకు సుమారు 0.21 ఓముల నిరోధం. 1.2 మీటర్ల కేబులులో కరెంటు పోయి తిరిగి రావాలి, అంటే 2.4 మీటర్ల తీగ, అర ఓము. ఫోను 2 ఆంపియర్లు లాగితే 1 వోల్టు దారిలోనే వేడిగా పోతుంది. చార్జరు దగ్గర 5 వోల్టులున్నది ఫోను దగ్గరికొచ్చేసరికి 4. ఆ తగ్గుదల చూసి ఫోను తానే లాగడం తగ్గించుకుంటుంది. "చార్జింగ్ అవుతోంది" అని చూపిస్తుంది గానీ అంకె కదలదు. అదే 24 గేజి తీగైతే పోయేది 0.4 వోల్టే. 2 మీటర్ల కేబులు మంచం దాకా వస్తుందని కొంటారు గానీ, మూడు పిన్నుల దానికి 1 నుంచి 1.2 మీటర్లు మించకపోవడమే మేలు.

వైరు మూడుగా చీలే ముడి దగ్గర వేళ్లతో నొక్కి చూడండి. లోపల బోలుగా అనిపిస్తే వద్దు. చీలిన కొమ్మలు బెత్తెడు పొడవైనా ఉంటే మూడు వస్తువులు పక్కపక్కన పెట్టినా లాగుడు పడదు. "100 వాట్లు, 5 ఆంపియర్లు" అని మూడు పిన్నుల కేబులుమీద రాసుంటే నమ్మకండి. టైప్-సిలో 3 ఆంపియర్లు దాటాలంటే కేబులులో ఈ-మార్కర్ అనే చిప్పు ఉండాలి. అది సి నుంచి సికి పోయే కేబులులో సంగతి, యూఎస్‌బీ ప్లగ్గు నుంచి మూడు పిన్నులుగా చీలే దానికి వర్తించదు. డబ్బు ఇచ్చేముందు మీ వస్తువులు మూడూ అంగడిలోనే తగిలించి, మూడూ ఒకేసారి చార్జింగ్ చూపిస్తున్నాయో లేదో చూడండి. అడిగితే ఏ అంగడాయనా కాదనడు.

దీనికి జత ఏ చార్జరు

ఇంట్లో ఉన్న 67 వాట్ల, 80 వాట్ల చార్జరు పెడితే మూడూ తొందరగా ఎక్కుతాయని అనుకోవద్దు. ఫోను కంపెనీల సొంత ఫాస్ట్ చార్జింగుకు వాటి సొంత కేబులే కావాలి. అది లేకపోతే ఆ వేగం రాదు. మూడు పిన్నుల కేబులుకు సరైన జోడీ సొరుగులో పడున్న పాత చార్జరే. దాని వెనక సన్నక్షరాల్లో "అవుట్‌పుట్" అన్నచోట 5 వోల్టులు, 2 ఆంపియర్లు లేదా 2.4 ఆంపియర్లు అని ఒక్క వరుసే ఉండాలి. 5 వోల్టులు, 1 ఆంపియరుది బటన్ ఫోనుకూ బడ్స్‌కూ చాలుతుంది, రెండు స్మార్ట్ ఫోన్లకు చాలదు.

కొత్తది కొనాల్సొస్తే చార్జరుమీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద "ఆర్" అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందేమో చూడండి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీ పేరుమీద నమోదైందో వస్తుంది. చార్జరుమీద ఉన్న పేరు, యాప్‌లో వచ్చిన పేరు కలవకపోతే దాన్ని అక్కడే వదిలేయండి. 230 వోల్టులను 5 వోల్టులు చేసే ఆ డబ్బీ ఒక్కటే మీకూ గోడలో కరెంటుకూ మధ్య అడ్డం. కేబులులో రాజీ పడితే పోయేది టైము. చార్జరులో రాజీ పడితే పోయేది అంతకంటే పెద్దది.

తగిలించే వరస

గోడ స్విచ్ ఆపి చార్జరు గుచ్చండి. కేబులు యూఎస్‌బీ చివర చార్జరులో చివరికంటా నొక్కండి. సగం దూరినా లైటు వెలుగుతుంది గానీ కరెంటు సరిగా రాదు. తర్వాత పిన్నులు ఒక్కొక్కటిగా వస్తువులకు పెట్టి, ఆఖరున స్విచ్ వేయండి. రెండు నిమిషాలు ఆగి ప్రతి దాంట్లో చార్జింగ్ గుర్తు వచ్చిందా చూడండి. పది నిమిషాల తర్వాత మూడు చోట్ల చెయ్యి పెట్టండి: చార్జరు, చీలిక ముడి, ఫోను వైపు పిన్ను. గోరువెచ్చగా ఉంటే సరే. ముడి దగ్గరో పిన్ను దగ్గరో చెయ్యి ఉంచలేనంత వేడి ఉంటే వెంటనే ఆపండి, ఆ కేబులు ఇక పనికిరాదు.

వాడని పిన్నును ఊరికే వేలాడనీయొద్దు. లైట్నింగ్ పిన్ను గీతలు బయటికే ఉంటాయి. కంపెనీ కేబులులో ఐఫోను తగిలితేనే కరెంటు వదిలే చిప్పు ఉంటుంది. చౌక రకాల్లో ఆ గీతలమీద 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. స్టీలు గ్లాసుకో, తాళాల గుత్తికో, తడి తువ్వాలుకో తగిలితే షార్టయి పిన్ను నల్లబడుతుంది. ప్లాస్టిక్ మూత ఉంటే పెట్టండి, లేకపోతే ఆ కొమ్మను వెనక్కి మడిచి రబ్బరు బ్యాండు వేయండి.

ఇక టైము. 5000 మిల్లీ ఆంపియర్ అవర్ల ఫోను బ్యాటరీ అంటే సుమారు 19 వాట్ అవర్లు. పోయే వేడి కలుపుకుంటే 22 దాకా కావాలి. 5 వోల్టులు, 2 ఆంపియర్ల చార్జరు ఇచ్చేది 10 వాట్లు. ఒక ఫోనుకు రెండున్నర గంటలు, ఆఖరి 20 శాతం నిదానంగా ఎక్కుతుంది కాబట్టి మూడు. రెండు ఫోన్లు కలిపి పెడితే ఐదు గంటలు దాటుతుంది. అందుకే రాత్రి పడుకునేటప్పుడైతే అన్నీ కలిపి పెట్టండి. గంటలో బయలుదేరాలంటే ఎవరి ఫోను ముఖ్యమో అదొక్కటే పెట్టి మిగతావి తీసేయండి.

రెండో వస్తువు పెట్టకూడని వేళ

ఈ వ్యాసంలో ఒక్క పేరాయే గుర్తుంచుకునే తీరిక ఉంటే ఇది గుర్తుంచుకోండి. కొన్ని మూడు పిన్నుల కేబుళ్లలో సి పిన్నుకు డేటా తీగలు కూడా కలిపి ఉంటాయి. అలాంటి దాన్ని క్విక్ చార్జ్ అనే ఫాస్ట్ చార్జింగ్ పద్ధతి ఉన్న చార్జరుకు పెడితే ఫోను ఆ డేటా తీగల ద్వారా "9 వోల్టులు ఇవ్వు" అని అడుగుతుంది, చార్జరు ఇస్తుంది. తీగల జత ఒకటే కదా, ఆ 9 వోల్టులు పక్క పిన్నులకూ పోతాయి. మైక్రో పిన్నుకున్న బడ్స్‌కో బీపీ మిషనుకో కావాల్సింది 5. తట్టుకునే రక్షణ లోపల లేకపోతే చార్జింగ్ చిప్పు ఒక్క క్షణంలో పోతుంది. పొగ రాదు, శబ్దం రాదు. మర్నాడు ఎంత చార్జింగ్ పెట్టినా ఎక్కదు, అంతే. "బడ్స్ నాసిరకం" అనుకుని పారేసిన వాటిలో ఇలా పోయినవీ ఉంటాయి.

అందుకని ఫోను తెరమీద ఫాస్ట్ చార్జింగ్ అని కనపడితే ఆ కేబులుకు ఇంకేమీ తగిలించవద్దు. పైన చెప్పిన ఒక్క వరుస 5 వోల్టుల చార్జరు వాడితే ఈ ప్రమాదమే రాదు, అది 9 ఇవ్వలేదు. ఇంట్లో యూఎస్‌బీ టెస్టరు ఉంటే ఇంకా మంచిది. చార్జరుకూ కేబులుకూ మధ్య గుచ్చితే వోల్టులు, ఆంపియర్లు చిన్న తెరమీద చూపించే మీటరు అది. 4.9, 5.1 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండండి. 9 కనపడితే మిగతావి తీసేయండి.

ఏవి దీనితో పెట్టకూడదు

ల్యాప్‌టాప్ పెట్టవద్దు. టైప్-సి రంధ్రం ఉన్నా అది అడిగేది 20 వోల్టులు, 45 వాట్లో 65 వాట్లో. ఈ కేబులు దాన్ని అడగనూ లేదు, మోయనూ లేదు. స్మార్ట్ వాచీలకు వాటి అయస్కాంతపు చార్జరే ఉండాలి. ఐతే ఆ చార్జరు అవతలి చివర యూఎస్‌బీ ప్లగ్గే కాబట్టి పాత 5 వోల్టుల చార్జరుకు పెట్టుకోవచ్చు.

గుండ్రటి పిన్నుతో వచ్చే "అన్నిటికీ ఒకటే" అడాప్టర్ల సెట్టు వేరే రకం, దాంతో చాలా జాగ్రత్త. వైఫై రూటరుకు 12 వోల్టుల గుండ్రటి పిన్ను, పిల్లల బొమ్మకో ట్రిమ్మరుకో 5 వోల్టుల గుండ్రటి పిన్ను ఒకే లావులో ఉండొచ్చు. దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. వస్తువు వెనక రాసిన వోల్టులు, మధ్యలో ప్లస్సా మైనస్సా అన్న బొమ్మ, రెండూ అడాప్టరుమీది వాటితో సరిగ్గా కలవాలి. ఆంపియర్లు మాత్రం అడాప్టరువి ఎక్కువున్నా పరవాలేదు, వస్తువు తనకు కావాల్సినంతే లాగుతుంది.

కొండ దారిలో, రైలులో

పవర్ బ్యాంకుతో ఈ కేబులు బాగా కుదురుతుంది. బడ్స్ ఒక్కటే పెడితే అరనిమిషంలో పవర్ బ్యాంకు ఆగిపోతుంది, అది చెడిపోయిందనుకుంటారు. చెడిపోలేదు. బడ్స్ లాగేది మరీ తక్కువ కాబట్టి ఏమీ తగల్లేదనుకుని తనంతట అదే ఆగిపోతుంది. పక్క పిన్నుకు ఒక ఫోను కూడా పెట్టండి, రెండూ ఎక్కుతాయి. పవర్ బ్యాంకుమీద 10000 అని రాసున్నది లోపలి 3.7 వోల్టుల లెక్క. బయటికి 5 వోల్టుల్లో వచ్చేది 6000 పైచిలుకే. ఫోను 5000 కూడా అలాంటి తక్కువ వోల్టుల లెక్కే కాబట్టి దాన్ని సుమారు ఒకటిన్నర సారి నింపొచ్చు. రేణిగుంట విమానాశ్రయం నుంచి వెళ్లేవాళ్లు దాన్ని చేతి సంచిలోనే పెట్టుకోవాలి, లోపలికి పంపే పెట్టెలో పెట్టకూడదు.

అలిపిరి దారిలో 3550 మెట్లు ఎక్కుతూ ఫోను చేతిలోనో చొక్కా జేబులోనో ఉంటే చెమట చార్జింగ్ రంధ్రంలోకి దిగుతుంది. ఉప్పుతడి ఉండగా కరెంటు పెడితే లైట్నింగ్ కేబులులో మధ్య గీత, అంటే కరెంటు వచ్చే గీత, నల్లగా మాడుతుంది. మాడిన గీత చూశారంటే మళ్లీ గుర్తుపట్టడం మరిచిపోరు: ఏడు బంగారంలా మెరుస్తుంటాయి, ఒక్కటి మసిగీతలా ఉంటుంది. పైకి చేరాక ఫోను రంధ్రం కిందికి పెట్టి అరచేతిలో నిదానంగా తట్టి, గాలి తగిలే చోట అరగంటైనా వదిలేశాకే చార్జింగ్ పెట్టండి. బియ్యంలో పెట్టే పని చేయవద్దు, నూక రంధ్రంలో ఇరుక్కుంటుంది. గుళ్లోకి ఫోన్లు అనుమతించరు కాబట్టి కౌంటరులో ఇచ్చేముందు స్విచ్ ఆఫ్ చేయండి. క్యూలో ఎన్ని గంటలు పట్టినా ఉన్న చార్జింగ్ అంతే ఉంటుంది.

రైలు పెట్టెల్లో చార్జింగ్ సాకెట్లు చాలావరకు 110 వోల్టులవి. చార్జరుమీద "ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు" అని ఉంటే అక్కడా పనిచేస్తుంది. రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా ఆ సాకెట్లకు కరెంటు ఆపే పద్ధతి ఉంది. నారాయణాద్రిలాంటి రాత్రి బండి ఎక్కేవాళ్లు పది లోపే పని ముగించుకోవాలి.

ఎండాకాలం తిరుపతిలో 40 డిగ్రీలు దాటిన రోజున కిటికీ పక్కనో, కారు డ్యాష్‌బోర్డుమీదో చార్జింగ్ పెడితే ఫోను తనను తాను కాపాడుకోవడానికి చార్జింగ్ ఆపేస్తుంది. లిథియం బ్యాటరీకి 45 డిగ్రీల పైన చార్జింగ్ మంచిది కాదు. తప్పు కేబులుది కాదు. ఫ్యాను కింద నేలమీద పెట్టండి. దిండు కింద మాత్రం ఏ కాలంలోనూ వద్దు. లాడ్జిలోని 6 ఆంపియర్ల ప్లగ్గుకు ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టుకుని దాంట్లోనే 1500 వాట్ల కెటిల్ కూడా పెడతారు. 6 ఆంపియర్లంటే 1380 వాట్లే. చార్జర్ల పక్కన కెటిల్ పెట్టవద్దు.

ఎక్కకపోతే ఎక్కడ చూడాలి

ముందు పిన్నును ఫోను రంధ్రంలో చూడండి. చివరికంటా దూరకుండా కాస్త బయటే ఆగితే లోపల జేబు నూగు గట్టిపడి ఉంది. ఫోను ఆపేసి, టార్చీ వెలుగులో చెక్క పళ్లపుల్లతో పక్క గోడల వెంట మెల్లగా గీకితే బూడిద రంగు ఉండలా వస్తుంది. పిన్నీసు, సూది వాడొద్దు. టైప్-సి మధ్య నాలుకమీద 24 సన్నటి గీతలుంటాయి, ఒకటి వంగితే బోర్డు మార్చాల్సిందే.

పిన్ను శుభ్రంగా కూర్చున్నా ఎక్కకపోతే కేబులు అదే ఉంచి చార్జరు మార్చండి, తర్వాత చార్జరు అదే ఉంచి కేబులు మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే తప్పు ఎక్కడుందో తెలియదు. ఒక కొమ్మ మాత్రమే పనిచేయకపోతే లోపల తీగ తెగింది, దాన్ని టేపు చుట్టి నడిపించవద్దు.

టార్చి, ట్రిమ్మరు, చౌక బడ్స్ లాంటివి కొన్ని సి నుంచి సి కేబులుతో ఎక్కవు, మూడు పిన్నుల కేబులుతో ఎక్కుతాయి. వింతేమీ లేదు. సి రంధ్రమున్న చార్జరు అవతల వస్తువు ఉందని తెలిశాకే కరెంటు వదులుతుంది. ఆ కబురు చెప్పే రెండు 5.1 కిలో ఓముల రెసిస్టర్లను చౌక వస్తువుల్లో వేయరు. పాత వెడల్పు యూఎస్‌బీ రంధ్రంలో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి, అడగకుండానే ఇస్తుంది. అందుకే ఫోన్లన్నీ సి అయిపోయినా వెడల్పు ప్లగ్గున్న కేబులు ఒకటి ఇంట్లో ఉండాలంటాం.

కంప్యూటరుకు ఫోటోలు పంపాలంటే మాత్రం ఈ కేబులుమీద ఆశ పెట్టుకోవద్దు. చాలావాటిలో డేటా తీగలే ఉండవు, ఉన్నా ఒక్క పిన్నుకే. బస్టాండులో, స్టేషనులో గోడకున్న యూఎస్‌బీ రంధ్రాలకు పెట్టేటప్పుడు అదే మేలు చేస్తుంది. డేటా దారి లేని కేబులుతో అవతలివాడు ఫోనులోకి తొంగిచూడలేడు.

పిన్ను దగ్గర తొడుగు చీలి తీగ కనపడినా, పిన్ను రంగు మారినా, కదిలిస్తేనే చార్జింగ్ వస్తున్నా ఆ కేబులు తీసేయాలి. ఊరికే చెత్తబుట్టలో వేస్తే ఎవరో ఒకరు ఏరుకుని మళ్లీ వాడతారు. గోడనుంచి తీసేశాక కత్తెరతో చీలిక ముడి దగ్గర మూడు కొమ్మలూ కత్తిరించి, పాత బ్యాటరీలతో కలిపి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.